సైలెన్సర్‌లో మా పొలం పత్తి

నిరుడు మైలేజీ రావట్లేదని మావారు మా పాత డీజిల్ కారుకి పొగ ఫిల్టరు తీయించేశారు. అప్పట్నుంచీ ఒకటే నల్లపొగ. పొల్యూషన్ చెకింగ్‌లో ఫెయిలవుతామని నేను గోల పెడితే, "పొగని ఇదే ఆపుద్దిలేవే" అంటూ సైలెన్సర్‌లో మా పొలం పత్తి కుక్కారు.

ఒంగోలు వెళ్లే దారిలో, పెట్రోల్ బంకులో చెకింగ్. అక్కడతను సైలెన్సర్‌లో పొగ కొలిచే గొట్టం పెట్టి, యాక్సిలరేటర్ తొక్కమన్నాడు. ఢామ్మని పత్తి ఉండ మండుతూ ఎగిరి, వెనకాల పత్తి లోడుతో ఉన్న ట్రాక్టర్ ముందు పడింది.

"నిప్పురోయ్!" అని ట్రాక్టర్ డ్రైవర్ కేక. బంకులో బకెట్ ఇసుక తెచ్చి నేనే పోశాను.

బకెట్ ఇంకా నా చేతిలో ఉండగానే చెకింగతను కాగితం తెచ్చిచ్చాడు. "పాసైందండీ!"

పత్తితోపాటే ఊడిపడిన గొట్టం బయటి గాలిని కొలిచిందట!

మావారు నవ్వుతూ కారెక్కమన్నారు. నేను ఆటో ఎక్కాను. ఈ రోజుకీ ఆయన కారు తాళాలు తీస్తే, నా కళ్లు ఇసుక బకెట్ కోసం వెతుకుతాయి.