కొత్తవాడలో ఎస్పెరాంటో

ఎనభైల మొదట్లో మా కొత్తవాడ మొత్తానికి ఎస్పెరాంటో వచ్చినవాణ్ని నేనొక్కణ్నే. మరి ఎవరితో మాట్లాడేవాడివని అడక్కండి. లోకంలోని మనుషులంతా మాట్లాడుకోవడానికి ఒక పెద్దమనిషి కూర్చుని తయారుచేసిన భాష అది. పోస్టులో పాఠాలు తెప్పించుకుని నేర్చుకున్నాను. ఇది వస్తే మనుషుల మధ్య అడ్డుగోడలు కూలిపోతాయని మొదటి పాఠంలోనే రాశారు. ఆ భాష గుర్తుగా చొక్కాకు ఆకుపచ్చ నక్షత్రం బిళ్ల పెట్టుకుని తిరిగేవాణ్ని. బస్సులో నన్ను కండక్టరనుకుని టికెట్ అడిగినవాళ్లూ ఉన్నారు.

ఇంతటి విశ్వమానవుడికి ఇంట్లో కన్నతండ్రితో, మా బాపుతో, రెండేళ్లుగా మాటల్లేవు. డిగ్రీ చదివినవాణ్ని, జంపఖానాల మగ్గం మీద కూర్చోనని ముఖం మీదే చెప్పాను. ఆ రోజు నుంచి మా మాటలన్నీ నన్ను కన్న అవ్వ ద్వారానే. నేను పక్కనే కూర్చుని తింటుంటే, "ఇంక జర బువ్వ గావాల్నా అడుగు వాన్ని" అనేవాడు బాపు. "సాలని చెప్పు" అనేవాణ్ని. పాపం అవ్వ, ఏ పాఠాలూ లేకుండానే దుబాసీ అయిపోయింది.

అట్లాంటప్పుడు హంగరీలో ఉండే నా కలం స్నేహితుడు, రిటైరైన బడిపంతులు, కాజీపేటలో రైలు దిగాడు. ఎస్పెరాంటో వాళ్లు దేశాలు తిరిగేటప్పుడు ఒకరింట్లో ఒకరు ఉంటారు. ఆ భాషతో నాకు తెలిసిన అసలు ఉపయోగం అదే. ఖిలా తిప్పి చూపించాను. మూడేళ్లు కాగితం మీద దంచిన భాష నోట్లోంచి బయటపడేసరికి కోట సగం అయిపోయింది.

సాయంత్రం ఇంటికొచ్చాక ఆయన మగ్గం పక్కనే చతికిలబడ్డాడు. బాపు నేస్తూనే, "చాయ్ తాగుతడా అడుగుమను" అన్నాడు అవ్వతో. "తాగుతడని చెప్పు" అన్నాను, నేనూ అవ్వతోనే.

పంతులు మా ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత ఎస్పెరాంటోలో నన్నొక మాట మెల్లగా అడిగాడు. సిగ్గుతో నా తల వంగిపోయింది.

బాపు చేతులు ఆగాయి. అవ్వ వైపు చూశాడు. ఈ భాష అవ్వకు రాదు. వేరే దారి లేక నా వైపు తిరిగాడు.

"ఏమంటాండు రా ఆయన?"

జంపఖానా మంచిగున్నదంటాండు అని చెబితే సరిపోయేది. రెండేళ్లకు నన్ను పిలిచిన ఆ గొంతుకు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"మనిద్దరికి కలిసిన భాష ఒక్కటి గూడ లేదా అని అడుగుతాండు, బాపూ."

బాపు చాలాసేపు పడుగు దారాలు సర్దాడు.

"ఉన్నదని చెప్పు" అన్నాడు.

అంత చిన్న మాట ఎస్పెరాంటోలో చెప్పడానికి నేను మూడుసార్లు మొదలుపెట్టాల్సి వచ్చింది.