ఎల్లయ్య కాక గుర్తుపట్టని ఓటరు

1985 నుంచి 2023 దాకా మా ఊరి పోలింగ్ బూత్‌లో ఎల్లయ్య కాక కూర్చోకుండా ఒక్క ఎన్నికా జరగలేదు. అసెంబ్లీకైనా, పార్లమెంటుకైనా, 2010లో ఎల్లారెడ్డికి వచ్చిన ఉప ఎన్నికకైనా, బడి గదిలో కిటికీ పక్క బల్ల ఆయనదే. 2009లో నియోజకవర్గాల సరిహద్దులు మార్చి, మా ఊరిని కామారెడ్డి నుంచి తీసి ఎల్లారెడ్డిలో కలిపారు. మా ఎమ్మెల్యే మారిపోయాడు, కాక బల్ల మారలేదు. ఆయన నమ్ముకున్న నాయకులు కండువాలు మార్చినప్పుడల్లా కాక కూడా వాళ్లతోపాటు పార్టీ మారాడు. బల్ల మాత్రం అదే.

పార్టీ తరఫున కూర్చునే పోలింగ్ ఏజెంటుకు ఉండే పని ఒక్కటే. వచ్చిన మనిషి తాను చెప్పిన పేరుగల మనిషేనా కాదా అని చూడాలి. అధికారులు ఎక్కడి నుంచో వస్తారు, వాళ్లకు మా ముఖాలు ఏం తెలుసు? కాక తల ఊపితే పని అయిపోయినట్టే. కొంగు ముఖం మీదికి లాక్కుని వచ్చే ముసలమ్మలను "నీ పేరేందవ్వా" అని అడిగి, గొంతు విని, తలెత్తకుండానే జాబితాలో టిక్కు పెట్టేవాడు. ఒకసారి అక్క ఓటు వేయడానికి రామారెడ్డి నుంచి వచ్చిన చెల్లెలిని దగ్గు విని పట్టుకున్నాడు. "మా బూతుల దొంగ ఓటు పడది" అని టీ కొట్టు దగ్గర ఎన్నిసార్లు చెప్పుకున్నాడో లెక్కలేదు.

ఆ మాటలో ఎంత నిజముందో నాకు తెలుసు. నా పేరు శైలేందర్. 2014 నుంచి ఎదుటి పార్టీ ఏజెంటుగా అదే బల్ల మీద కాక పక్కన కూర్చున్నవాణ్ని నేనే. మా బూత్‌లో దొంగ ఓటు పడేది కాదు, మేమిద్దరం ఒప్పుకున్నది తప్ప. మా ఊళ్లో ఇంటికొకరు దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉంటారు. వాళ్ల ఓట్లు ఊరికే పోవడమెందుకని రెండు పార్టీల వాళ్లం చెరిసగం పంచుకునేవాళ్లం. నీ వాటా మనిషి వచ్చినప్పుడు నేను చూడను, నా వాటా మనిషి వచ్చినప్పుడు నువ్వు చూడకు. నేను రాకముందు నుంచే ఉన్న పద్ధతి ఇది. సిగ్గు లేకుండా దానికి సర్దుబాటు అని పేరు కూడా పెట్టుకున్నాం.

కాక పక్కింటి సత్యమ్మ కొడుకు మహేందర్ ఓటు కాక వాటాలోది. తండ్రి చిన్నప్పుడే పోతే ఆ పిల్లవాణ్ని కాకే భుజాన వేసుకుని తిప్పాడు. ఇదే బడిలో చేర్పించిందీ ఆయనే. 2009 చివర్లో మహేందర్ పేరు జాబితాకెక్కింది, ఆ వెంటనే దుబాయ్ వీసా వచ్చింది. రెండు మూడేళ్లకోసారి సెలవు మీద వచ్చేవాడు గానీ ఎన్నికల వేళ ఎన్నడూ ఊళ్లో లేడు. పుట్టి బుద్ధెరిగి అతను ఒక్క ఓటూ వేయలేదు. రికార్డు చూస్తే మాత్రం ఒక్క ఎన్నికా తప్పలేదు. ప్రతిసారీ పెదనాన్న కొడుకు పర్శరాములు వచ్చి సత్యమ్మ దగ్గర ఓటరు కార్డు తీసుకునేవాడు. ఎవరేసినా ఓటే కదా అని ఆమె ఇచ్చేది.

2023 నవంబరు 30న, అసెంబ్లీ ఎన్నికల రోజు కూడా అంతే జరిగింది. పొద్దున ఎనిమిదిన్నరకు పర్శరాములు మహేందర్ కార్డు పట్టుకుని వచ్చాడు. కాక తల ఊపాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

పన్నెండు దాటాక మహేందరే వచ్చాడు.

తల్లికి కూడా చెప్పకుండా వచ్చాడట, ఉన్నట్టుండి గుమ్మంలో నిలబడి ఆమెను సంతోషపెడదామని. కామారెడ్డిలో బస్సు దిగి, ఆటోలో ఊళ్లోకి వస్తూ బడి ముందు వరుస చూసి అక్కడే దిగేశాడు. బ్యాగు, ఫోను గేటు దగ్గరి పోలీసుకిచ్చి లోపలికి వచ్చాడు. మనిషి సగమయ్యాడు, ముందు జుట్టంతా పోయింది. నవ్వు మాత్రం అదే. నేను గడప దగ్గరే గుర్తుపట్టాను.

పేరు వినగానే జాబితా చూస్తున్న ఉద్యోగి తల అడ్డంగా ఊపాడు. "మీ ఓటు పొద్దున్నే పడింది." ప్రిసైడింగ్ అధికారి లేచి వచ్చాడు. "మహేందర్ ఓటు వేసి వెళ్లాడు. మరి నువ్వెవరు? దొంగ ఓటుకు వచ్చినట్టు తేలితే పోలీసులకు అప్పజెప్పాలె, తెలుసా?"

మహేందర్ నవ్వాడు. "నేనే మహేందర్‌ను సార్. గింత దూరం నుంచి వచ్చిన, ఒక్కసారన్న ఓటేద్దామని. గా కాకను అడుగుండ్రి. నన్ను ఎత్తుకొని పెంచిండు."

అధికారి మా బల్ల వైపు తిరిగాడు. "ఏం పెద్దాయనా, ఇతను మహేందరేనా?"

అవునంటే, పొద్దున తల ఊపింది ఎవరికని అడుగుతారు. పర్శరాములు మీద కేసు, వెనకే కాక మీద, ఆ తర్వాత నా మీద. నలభై ఏళ్ల పేరు ఒక్క మాటతో మట్టిలో కలుస్తుంది. కాదంటే, పెంచిన పిల్లవాణ్ని తన చేతులతో పోలీసుకు పట్టించినట్టు. కాక మహేందర్ వైపు చాలాసేపు చూశాడు.

"కండ్లు సరిగ్గ కానొస్తలేవు సార్. పోల్చుకోలేకపోతున్న" అన్నాడు.

అధికారి నన్ను చూశాడు. నేను జాబితాలోకి తల దించుకుని, "నాకూ తెల్వది సార్" అన్నాను. ఆ మాట అన్న నా నోటిని ఇవాళ్టికీ క్షమించలేదు.

మహేందర్ నవ్వు ఆగిపోయింది. కానిస్టేబులు వచ్చి జబ్బ పట్టుకున్నాడు. "నా బ్యాగు తెప్పియ్యుండ్రి, పాస్‌పోర్టున్నది" అన్నాడు మహేందర్. బ్యాగు వచ్చేదాకా మా ముఖాల వైపు చూడలేదు. "ఆడ ఉన్నన్ని ఏండ్లు ఇది నన్ను పనికి పెట్టుకున్న సేటు దగ్గర్నే ఉండె, సెలవుకు వచ్చేటప్పుడే ఇచ్చెటోడు. గిది లేకుంటె నేను మనిషినే కాదన్నట్టు సూసెటోళ్లు. మా ఊర్ల గూడ సూపెట్టాలె అనుకోలే" అన్నాడు.

అధికారి పాస్‌పోర్టు చూసి, చెయ్యి వదిలిపెట్టించాడు. యంత్రం మీద వేయడానికి ఇక వీల్లేదు. అలా ముందే ఓటు పడిపోయినవాళ్లకు ఇచ్చే కాగితం బ్యాలెట్ ఇచ్చాడు. మహేందర్ ముద్ర వేసి మడిచి ఇస్తే, విడిగా కవర్లో పెట్టాడు. పొద్దున వేసిందెవరో తవ్వితే తనకూ తలనొప్పే గనుక, ఆ సంగతి ఎత్తలేదు.

"గిది లెక్కల కలుస్తదా సార్?"

"భద్రంగా ఉంటది. కోర్టు అడిగితేనే తీస్తరు" అన్నాడు అధికారి, కొంచెం జాలిగా.

ఆ సాయంత్రానికే ఎల్లయ్య కాకకు చూపు పోయిందని ఊరంతా పాకింది. కాక కాదనలేదు. ఎలా కాదంటాడు? కొడుకు నల్లద్దాలు తెచ్చిపెట్టాడు. కామారెడ్డిలో డాక్టరుకు చూపిద్దామంటే ఏదో ఒక వంక చెప్పి తప్పించుకున్నాడు. వాకిట్లో కోడి ఎటు పోయిందో కనిపిస్తున్నా తడుముకుంటూ నడిచేవాడు. తర్వాత పార్లమెంటు ఎన్నికలకు ఆయనను ఎవరూ పిలవలేదు. నేనూ మానేశాను.

అది తర్వాతి సంగతి. ముందు సెలవు అయిపోయి మహేందర్ వెళ్లే రోజు వచ్చింది. బస్సు కోసం వచ్చినవాడు, బస్సు ఆగేచోట అరుగు మీద నా పక్కన కూర్చున్న కాకను చూసి ఆగాడు. వంగి కాళ్లు మొక్కాడు.

"ఎవలు బిడ్డా?" అన్నాడు కాక, అలవాటైపోయిన నాటకంతో.

"మహేందర్‌ను కాకా. పోయొస్త." "గా రోజు కండ్లు కనబడలేదంటివి. నేను మాట్లాడిన గద కాకా. గొంతు గూడ గుర్తువట్టలేదా?"

కాక నల్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. కళ్ల నిండా నీళ్లు. "పట్టిన బిడ్డా. గడప కాడ్నే పట్టిన" అన్నాడు.

మహేందర్ ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. బస్సు వచ్చింది. బ్యాగు అందుకుంటూ నా వైపు చూశాడు.

"శైలన్నా, నీ కండ్లు మంచిగనే ఉన్నయి గద?"

బస్సు కదిలిపోయింది.