మెయిన్ వేసిందెవరు?

మా కరెంటు మాస్టారు పోయారని మొన్న ఆదివారం పొద్దున్నే కోటేశ్వరి ఫోన్ చేసి చెప్పింది. కాఫీ ఇద్దామని ఆయన భార్య, అమ్మగారు, లేపబోతే లేవలేదట. ఆ వార్త వినగానే నా నోటి నుంచి వచ్చిన మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తోంది.

"పోయేముందు ఏమన్నా చెప్పారా?" అని అడిగాను.

"ఎవరికి చెబుతారే? నిద్రలో పోయారంటుంటే!" అంది కోటేశ్వరి.

ఏడుపు రాలేదు. ఆయన దగ్గర తేలాల్సిన లెక్క ఒకటి తేలకుండానే ఉండిపోయిందన్న గాభరా ఒక్కటే. అది దుఃఖమో, స్వార్థమో నాకు తెలియడం లేదు. తెలిసినంతవరకూ రాస్తాను.

మాది పర్చూరు అవతల మిరప చేల మధ్యనున్న ప్రభుత్వ హైస్కూలు. పదో తరగతి అయినవాళ్ళకి రెండేళ్ళ వృత్తి కోర్సులు కూడా అక్కడే. ఎలక్ట్రికల్‌లో అప్పటిదాకా మగపిల్లలే ఉండేవాళ్ళు. కుట్టుపని కోర్సులో సీట్లు అయిపోవడంతో నన్నూ కోటేశ్వరినీ ఇందులో పడేశారు. మొదటిరోజు వర్క్‌షాపు గుమ్మంలో బిక్కమొహాలేసుకుని నిలబడితే మాస్టారు మమ్మల్ని ఎగాదిగా చూసి, "కుట్టు మిషన్లు లేవంటగా? మోటార్లున్నాయి, రండి," అన్నారు. మేము లోపలికి అడుగు పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టి, "గాజులు తీసి, చున్నీ వెనక్కి కట్టుకుని రండి. కరెంటుకి మొహమాటం లేదు," అన్నారు.

ఆ మాట రెండేళ్ళలో ఎన్నిసార్లు విన్నామో. ఇంకో మాట కూడా అనేవారు: "ఏమీ తెలియనోడు దూరంగా ఉంటాడు, అంతా తెలిసినోడు జాగ్రత్తగా ఉంటాడు. సగం తెలిసినోడినే కొట్టుద్ది."

మా బడిలో ఎలక్ట్రికల్‌కి ఇద్దరు మాస్టర్లు, ఒక ల్యాబ్ అసిస్టెంటు ఉండాలట. మేము చేరిన ఏడే ఒకాయన బదిలీ మీద వెళ్ళిపోయాడు. అసిస్టెంటు కుర్చీలో ఎవరూ కూర్చోగా మేం చూడలేదు. మొదటి ఏడాది వాళ్ళు, రెండో ఏడాది వాళ్ళు, అందరినీ ఈయన ఒక్కరే ఒకే షెడ్డులో చూసుకునేవారు. మొదటి బెల్లుకి గుమ్మంలో నిలబడి తలలు లెక్కపెట్టి ఆ అంకెని తలుపు మీద సుద్దతో రాసేవారు. సాయంత్రం మళ్ళీ లెక్కపెట్టుకుని, సరిపోయాకే దాన్ని చెరిపేవారు.

మిరప కోతలొస్తే ఆ అంకె సగానికి పడిపోయేది. మాలో ఎక్కువమంది కూలీల పిల్లలమే. కోతలకని కర్నూలు వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాల పిల్లలు కూడా ఉండేవాళ్ళు. పొద్దున కాయ కోసి మధ్యాహ్నం బడికొస్తే వేళ్ళు భగ్గుమనేవి. మాస్టారు కిటికీలో కొబ్బరి నూనె సీసా పెట్టి ఉంచేవారు. నూనె రాసుకుని, పాత గుడ్డతో తుడుచుకుని, సబ్బుతో కడిగి, ఆ చేతులు ఆయనకి చూపించాకే పనిముట్లు ముట్టుకోనిచ్చేవారు.

రెండో ఏడు నేను పది రోజులు బడికి పోలేదు. పదకొండో రోజు మాస్టారు స్కూటరు గట్టు మీద ఆపి, చేలోకి నడుచుకుంటూ వచ్చేశారు. మా అమ్మ నడుం ఎత్తకుండానే, "ఏందయ్యా, కాయ కోస్తావా?" అంది.

"కోస్తానమ్మా. నేను కోసినంతసేపు నీ కూతుర్ని పంపు."

"నువ్వు కోసే కాయకి సంచి గూడా నిండదు. పిల్ల లేకపోతే నాకు సాలు ఎనకబడిద్ది."

"మధ్యాహ్నం దాకా నీ దగ్గరే ఉంచుకో. ఆ తర్వాత నాకిచ్చెయ్. పరీక్ష పోతే మళ్ళీ ఏడాది ఇదే సాలు పట్టుకుని నిలబడుద్ది."

మా అమ్మ అప్పుడు నడుం ఎత్తింది. కాసేపు ఆయన్ని చూసి, "పోవే," అంది నాతో. ఆ మధ్యాహ్నం మాస్టారి స్కూటరు వెనక కూర్చుని బడికి పోయాను. అలా తీసుకుపోయినందుకు ఆయనకి దణ్ణం పెట్టాలో, తీసుకుపోకుండా ఉంటే బాగుండేదనుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు. ఎందుకంటే ఆ వారంలోనే అది జరిగింది.

ఎండలు ముదురుతున్న రోజులు. ప్రాక్టికల్ పరీక్షలు దగ్గరపడ్డాయి. షెడ్డులో మూడు మోటార్లు వరసగా పెట్టి, వాటి మూతలు విప్పి వైర్లు ఎలా కలిపారో చూడమన్నారు మాస్టారు. అప్పటికి కరెంటు పోయి ఉంది. ఫ్యాన్లు ఆగిపోయి అందరం చెమటలు కక్కుతున్నాం. అంతలో ఆఫీసు నుంచి కబురొచ్చింది. బడిలో ఎన్ని పోస్టులున్నాయి, ఎన్ని ఖాళీ, ఏ కోర్సులో ఆడపిల్లలెంతమంది, మగపిల్లలెంతమంది, అన్నీ ఆ పూటే కంప్యూటర్‌లో ఎక్కించాలట. ఆ పని తెలిసింది బడి మొత్తంలో మాస్టారొక్కరికే. "నేనొచ్చేదాకా ఎవరూ ఏదీ ముట్టుకోవద్దు," అని చెప్పి వెళ్ళారు.

మేము ముట్టుకున్నాం. కోటేశ్వరి స్క్రూడ్రైవరుతో ఒక వైరు వదులు చేస్తోంది. నేను గోడ పక్కన ఉన్నాను, మెయిన్ స్విచ్ దగ్గర. తర్వాత కోటేశ్వరి కేక వినిపించింది. ఆమె చెయ్యి మోటారుకి అతుక్కుపోయింది. నేను మెయిన్ పిడి కిందికి లాగాను. ఆమె వెనక్కి పడింది. రెండు వేళ్ళు కాలాయి, మనిషి బతికింది. ఆ రెండు వేళ్ళూ ఈనాటికీ పూర్తిగా ముడుచుకోవు.

నా బాధంతా ఒక్కటే. ఆ పిడి మీద నా చెయ్యి ఉన్నట్టు నాకు బాగా గుర్తు. వేడెక్కిన ఇనుము, దాని మీది దుమ్ము, అన్నీ గుర్తే. కానీ ఆ చెయ్యి ఒకసారి పడిందా, రెండుసార్లు పడిందా? కరెంటొచ్చిందని బయట ఎవరో అరిస్తే, ఫ్యాను తిరుగుతుందని నేనే మెయిన్ పైకి వేసినట్టు కూడా గుర్తుంది. వేసింది నేనే, ఆపింది నేనే అని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

విచారణకి వచ్చిన అధికారి మమ్మల్నందరినీ నిలబెట్టి, "మెయిన్ వేసిందెవరు?" అని అడిగాడు. మాస్టారు ముందుకొచ్చి, "నేనేనండి. కరెంటు లేనప్పుడు మెయిన్ ఆపకుండా ఆఫీసుకి పోయాను. కరెంటొచ్చేసరికి పిల్లకి తగిలింది," అన్నారు. అదే కాగితం మీద రాసి సంతకం పెట్టారు. ఆయన్ని సస్పెండ్ చేశారు. షెడ్డుకి తాళం పడింది. మేము మోటార్లు ముట్టుకోకుండా, బొమ్మలు గీసి ప్రాక్టికల్ పాసయ్యాం. కొన్ని నెలల తర్వాత ఆయన్ని దర్శి వైపు వేశారు. రిటైరయ్యేదాకా అక్కడే చేసి, ఆపైన పర్చూరు వచ్చి స్థిరపడ్డారు.

ఇదంతా జరిగి పదకొండేళ్ళు. పోయినేడు అదే బడిలో, అదే షెడ్డులో నన్ను గెస్టు టీచరుగా తీసుకున్నారు. ఇప్పుడు ఎలక్ట్రికల్‌లో ఆడపిల్లలే ఎక్కువ. మగపిల్లలు ఆటోలకీ కోల్డ్ స్టోరేజీల్లో పనులకీ పోతున్నారు. మాస్టర్ల సంగతి మాత్రం మారలేదు. రెండు బ్యాచ్‌లకీ నేనొక్కదాన్నే. చేరిన మొదటి వారం ఆ మెయిన్ స్విచ్ ముందు నిలబడి పాఠం చెప్పలేకపోయాను. ముందు కోటేశ్వరి దగ్గరికి పోయాను. పర్చూరులో ఆమె, ఆమె భర్త కలిసి మోటారు వైండింగ్ షాపు నడుపుతున్నారు. నేను అంతా చెబితే రాగి తీగ చుట్టడం ఆపకుండానే విన్నది.

"ఎవరు వేస్తే ఏందే? కొట్టింది నన్ను," అంది. తీగ కొస కత్తిరించి, "నాకు చెప్పి ఏం లాభం? ఆయనకి చెప్పు," అంది.

మాస్టారింటికి వెళ్ళాను. ఆయన అరుగు మీద కూర్చుని పాత టేబుల్ ఫ్యాను ఒకటి విప్పుకుని ఉన్నారు. నేను ఏడుస్తూ చెప్పాను. ఆయన మొత్తం విని, "కాదమ్మా. నువ్వు ఆపావు. వేసింది నేను," అన్నారు.

"లేదండీ, నాకు గుర్తుంది. నేనే వేశా."

"భయంలో జరిగింది మనసు రెండుసార్లు చూపించుద్ది. నీ చెయ్యి పిడి మీద పడింది ఒక్కసారే. అందుకే ఆ పిల్ల బతికింది. నేను ఆపకుండా పోయా. నాకు తెలియదా?"

ఆయన గొంతులో ఎక్కడా తడబాటు లేదు. నాకు ఊరట కలగాలి కదా? కోపమొచ్చింది. పదేళ్ళు మోసినదాన్ని చేతిలోంచి లాక్కున్నట్టనిపించింది. "మీరు నన్ను కాపాడటానికి అబద్ధం చెబుతున్నారు," అనేశాను. అమ్మగారు తెచ్చిన కాఫీ తాగకుండా లేచి వచ్చేశాను. మళ్ళీ వెళ్ళలేదు. వెళ్దాం, వెళ్దాం అనుకుంటూనే ఏడాది గడిచింది.

ఆదివారం నేనూ కోటేశ్వరీ వెళ్ళేసరికి మాస్టారిని వరండాలో పడుకోబెట్టి ఉన్నారు. అమ్మగారు ఆయన తల దగ్గర కూర్చుని ఉన్నారు. నన్ను చూసి పక్కన కూర్చోమని చేత్తో చూపించారు.

"నువ్వు మెయిన్ ఆపిన పిల్లవి కదా," అన్నారు.

"అవునండీ."

"నిన్ను తలుచుకునేవారమ్మా. ఆ పిల్ల ఆపకపోతే ఏమయ్యేదో అని." కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. "ఆయనకి అదే జబ్బు. అన్నం ముద్ద చేతిలో పెట్టుకుని ఉన్నట్టుండి నన్నడిగేవారు, ఆరోజు ఆఫీసుకి పోయేముందు నేను మెయిన్ ఆపానంటావా, ఆపలేదంటావా అని. నాకేం తెలుసండీ, నేను ఇంట్లో ఉన్నా కదా అనేదాన్ని. గుర్తు రావట్లేదే, ఎంత ఆలోచించినా గుర్తు రావట్లేదే అనేవారు. మొన్న మొన్నటి దాకా అంతే."

నేను కోటేశ్వరి వైపు చూశాను. ఆమె ముడుచుకోని తన రెండు వేళ్ళనీ చూసుకుంటోంది.

అంటే ఆయనకి తెలియదు. అధికారి ముందు నిలబడినప్పుడూ తెలియదు, కాగితం మీద సంతకం పెట్టినప్పుడూ తెలియదు, అరుగు మీద కూర్చుని నాతో "నాకు తెలియదా?" అన్నప్పుడూ తెలియదు. ఇంట్లో తేల్చుకోలేని మాటని నాకు మాత్రం తేల్చి చెప్పారు. పెద్దవాడు తాను కాబట్టి తప్పు తనదే కావాలనుకున్నారా? నేను వేసి ఉంటానని అనుమానించే అలా అన్నారా? లేక నా ఏడుపు చూడలేక ఆ క్షణాన నోటికొచ్చింది అనేశారా? నాలుగు రోజులుగా ఒకదాని తర్వాత ఒకటి అనుకుంటున్నాను. ఏదీ నిలబడటం లేదు. నా జ్ఞాపకం కూడా ఇప్పుడు మునుపటంత గట్టిగా లేదు. పైకి వేసిన చెయ్యి నాదేనా అని చూసుకుంటే కొన్నిసార్లు అది కనిపించడమే లేదు. ఆయన చెప్పిన మాట తీసుకోవాలో, నా మాట నేను ఉంచుకోవాలో తెలియక తిరుగుతున్నాను. ఒక్కటి మాత్రం అనిపిస్తోంది. ఆ కాఫీ తాగి ఉండాల్సింది.

మధ్యాహ్నం పాడె లేచింది. ఆడవాళ్ళం గేటు దగ్గరే ఆగిపోయాం. ఆ సందు చివర, పత్తి లోడు ట్రాక్టరు ఏదో తగిలి, ఎవరింటికో పోయే కరెంటు వైరు కిందికి వేలాడుతోంది. మాస్టారి దగ్గర దర్శిలో చదువుకున్నవాడట, లైన్‌మన్ ఒకతను ఎండిన వెదురు గడ పట్టుకుని అక్కడ నిలబడి ఉన్నాడు.

"కరెంటు తీయించావు కదరా, ఇంకా గడెందుకు?" అని పాడె మోస్తున్న పెద్దాయనెవరో అడిగాడు.

"తీయించా బాబాయ్. అయినా మీరు వంగి పొండి," అన్నాడతను.

గడతో వైరుని పైకెత్తి పట్టుకున్నాడు. మోసేవాళ్ళు నలుగురూ మోకాళ్ళు వంచారు. మాస్టారు ఆ వైరు కింద నుంచి మెల్లగా దాటిపోయారు. వెనక వస్తున్నవాళ్ళందరూ కూడా అక్కడికొచ్చేసరికి ఒక్కొక్కరే తల వంచి దాటారు. ఊతకర్ర పట్టుకున్న ముసలాయన ఒకడు అందరికంటే ఆఖర్న వచ్చాడు. ఆయన కూడా దాటి, అందరూ మలుపు తిరిగి కనపడకుండా పోయాక కూడా, ఆ లైన్‌మన్ చేతులు దించలేదు. ఖాళీ సందులో ఒక్కడే, తల పైకెత్తి ఆ వైరునే చూస్తూ నిలబడ్డాడు.