అబ్రహాం సారు సాక్ష్యం

చిలకలగూడలోని ఆ చర్చిలో ప్రతి ఆదివారం సాక్ష్యాల వేళకు, దేవుడు ఆ వారంలో చాలామందితో మాట్లాడినట్టు తేలుతుంది. ఒకరికి ఉద్యోగం సంగతి చెప్పి ఉంటాడు, ఒకరికి కూతురి సంబంధం సంగతి, ఇంకొకరికి ఏ రంగు కారు కొనాలో కూడా. అందరూ చెప్పడం అయ్యాక, వెనక నుంచి రెండో బెంచీలో అబ్రహాం సారు లేస్తారు. ప్యాంటు పైకి లాక్కుంటారు. గొంతు సవరించుకుంటారు.

"అందరికి వందనాలు. నాతోని దేవుడు ఇంకా మాట్లాడలే. మాట్లాడితే తప్పక చెప్త."

చెప్పి కూర్చుంటారు. అదే ఆయన సాక్ష్యం. వానొచ్చినా, ఈస్టరొచ్చినా ఒక్క అక్షరం మారదు. దానికి ఏమనాలో సంఘానికి ఇప్పటికీ తెలియదు. మిగతావాళ్ల సాక్ష్యాలకు "స్తోత్రం" అంటారు. దేవుడు మాట్లాడలేదంటే స్తోత్రం అనడం బాగుండదు కదా! అలవాటు కొద్దీ సగం అనేసి, మిగతా సగం మింగేవాళ్లున్నారు. కీబోర్డు వాయించే లక్ష్మణ్ మాత్రం ఎవరు కూర్చున్నా ఓ మీట నొక్కడం తన బాధ్యత అనుకుంటాడు కనుక, దీనికీ నొక్కుతాడు.

సారు ఉద్యోగం చేసినన్నాళ్లూ సికింద్రాబాద్ స్టేషన్లో ఎంక్వైరీ కౌంటర్ వెనక కూర్చున్నారు. రాని బండిని వచ్చిందని చెబితే ప్రయాణికుడు ఆగమైపోతాడని ఆయన భయం. ఆ భయం రిటైరయ్యాక కూడా ఆయన్ని వదల్లేదు. ఓసారి వేరే ఊరి నుంచి వచ్చిన ప్రసంగీకుడొకాయన జాలిపడి, "దేవుడు మీతో మాట్లాడే ఉంటాడు బ్రదర్. మీరు గుర్తుపట్టలేదంతే" అన్నాడు.

"గంత మెల్లగ మాట్లాడితే ఎట్ల గుర్తుపట్టాలె?" అన్నారు సారు. "జెర జోర్‌గ మాట్లాడుమని మీరన్న చెప్పుండ్రి. మీకు రోజు కలుస్తడు గదా."

ఆ ప్రసంగీకుడు మళ్లీ ఈ వైపు రాలేదు.

అలాగని సారు ప్రయత్నంలో లోపం లేదు. తెల్లారకముందే లేచి మోకాళ్ల మీద ఉంటారు. శుక్రవారాలు ఉపవాసం. "ఉపాసమున్న రోజు ఈయన దగ్గరికి దేవుడు కాదు గదా, పిల్లి సుత రాదు. గంత కోపం" అంటుంది ఆయన భార్య మార్త. ఇంకో మాట కూడా అంటుంది. "నేను నాలుగుసార్లు పిలిస్తే ఒక్కసారి పలకవు. గా చెవులతోని దేవుని మాట వింటవా?"

ఆఖరికి ఈ సంగతి మోండా మార్కెట్ దాకా పాకింది. కూరగాయలమ్మే శ్యామలమ్మ బెండకాయలు తూస్తూ అడుగుతుంది.

"ఏం సారూ, మాట్లాడిండా మీ దేవుడు?"

"ఇంకా లేదమ్మా."

"మా ఎల్లమ్మ సుత గంతే. పూనినోళ్లతోనే ముచ్చట. మనసొంటోళ్లకు బెండకాయలే." అని నాలుగు కాయలు ఎక్కువ వేస్తుంది.

ఊరంతా నవ్వుకునే ఈ సాక్ష్యానికి నవ్వు రానివాడు ఒక్కడే. పాస్టరు రమణబాబు. విజయనగరం వైపు నుంచి వచ్చి ఈ సంఘంలో చేరిన కుర్రవాడు. అతను వచ్చేనాటికే సారు సాక్ష్యం ఆరాధనలో భాగమైపోయింది. ఏడాదిగా రమణబాబు ప్రార్థన చేసుకుంటుంటే, అవతల ఫోను మోగుతున్నట్టే ఉంటుంది కానీ ఎవరూ ఎత్తరు. ఒకప్పుడు అలా ఉండేది కాదు. కళ్లు మూసుకుంటే చాలు, గదిలో తను ఒక్కడే లేడని తెలిసేది. ఆ దగ్గరితనం ఎక్కడ జారిపోయిందో అతనికి తెలియదు. వెతుక్కుంటున్న సంగతి భార్య దేవికకు కూడా చెప్పలేదు. పాస్టరే ఇలా అంటే సంఘం ఏమైపోతుంది? అందుకని ప్రతి ఆదివారం సారు లేచినప్పుడల్లా, తన గుట్టే ఎవరో మైకులో చదువుతున్నట్టు రమణబాబుకు ముచ్చెమటలు పట్టేవి.

ఇంతలో సంఘ వార్షికోత్సవం వచ్చింది. కార్యదర్శి పద్మనాభం పాస్టరుగారిని పక్కకు పిలిచాడు.

"పెద్ద పెద్ద పాస్టర్లు వస్తుండ్రు. గా అబ్రహాం సారును జెర ఆపుండ్రి. ఇజ్జత్ పోతది."

నిజం చెప్పొద్దూ, రమణబాబుకు ప్రాణం లేచొచ్చింది. ఆ సాయంత్రమే సారు ఇంటికి వెళ్లాడు. మార్త చాయ్ ఇచ్చింది.

"సారూ, ఈ ఒక్క ఆదివారం మీరు లెగకండి. వచ్చినోళ్లు ఏటనుకుంటారు?"

సారు చాయ్ ఊదుకుని ఒక గుక్క తాగారు.

"మీరు కాపరి. వద్దంటే వద్దు. లేవను. గానీ పాస్టర్‌గారూ, ఎవరో ఒకరు లేవాలె."

"ఎందుకండీ?"

"అందరు లేచి నాతోని మాట్లాడిండు, నాతోని మాట్లాడిండు అంటే, మాట్లాడనోళ్లు ఏం గావాలె?"

రమణబాబు మొదటి గుక్కతోనే కప్పు కింద పెట్టేశాడు. తన సంగతి ఈయనకు తెలిసిపోయిందనుకున్నాడు. రెండో గుక్క తాగకుండానే బయటపడ్డాడు.

వార్షికోత్సవం నాడు చర్చి కిటకిటలాడింది. అతిథులకు దండలు పడ్డాయి. సాక్ష్యాల వేళ దేవుడు ఎన్నడూ లేనంతగా మాట్లాడాడు. పద్మనాభంతో అయితే రెండుసార్లు మాట్లాడాడు. ఆఖరి సాక్ష్యం అయింది. అలవాటు కొద్దీ సంఘమంతా వెనక్కి తిరిగి రెండో బెంచీ వైపు చూసింది. సారు లేవలేదు. చేతులు కట్టుకుని, పెదాలు బిగించి, మాటకు కట్టుబడి కూర్చున్నారు.

ఆయన వెనక, తలుపు పక్క బెంచీలో కాంతమణి కూర్చుంటుంది. రమణబాబు ఈ సంఘానికి రాకముందే ఆమె భర్త పోయాడు. ఆలస్యంగా వచ్చి, ముందుగా వెళ్లిపోయే మనిషి. ఆమె కాసేపు సారు వీపు వైపే చూసింది. ఆయన లేవరని తెలిశాక, సంచీ తీసుకుని మెల్లగా లేచింది. సారు ఆమెను చూసి సగం లేచారు. ఇచ్చిన మాట గుర్తొచ్చి కూలబడ్డారు. వేదిక మీదున్న రమణబాబు వైపు ఒక్క చూపు చూశారు. బతిమాలుకునే చూపు.

అప్పుడు అర్థమైంది రమణబాబుకు, సారు ఆ రోజు అన్న మాట తన గుట్టు గురించి కాదని, ఈమె కోసమని. కాంతమణి అప్పటికే గడప అవతల ఒక కాలికి చెప్పు వేసుకుంది. ముందు వరసలో పద్మనాభం ఉన్నాడు, అతిథులున్నారు, దేవిక ఉంది. రమణబాబు మైకు పట్టుకున్నాడు.

"నాదీ ఒక సాక్ష్యం ఉందండి. ఏడాదిగా ప్రార్థన చేస్తన్నాను. దేవుడు నాతో ఏటీ మాట్లాడలేదు. ఆయన దగ్గరగా ఉండాలని మాత్రం చాలా ఉంది. అందుకే ఇక్కడే కూకున్నాను. ఎటూ పోలేదు. అంతేనండి. ప్రార్థన చేసుకుందాం."

లక్ష్మణ్ మీట నొక్కాడు. దేవిక తల వంచుకుంది, కానీ ఆమె నోటి నుంచే "స్తోత్రం" అన్న మాట మొత్తంగా వచ్చింది. కాంతమణి చెప్పు విడిచి లోపలికొచ్చింది. తలుపు పక్క బెంచీ దగ్గర ఆగకుండా, ఇంకో అడుగు ముందుకేసి, సారు బెంచీలోనే మార్త పక్కన కూర్చుంది.

మధ్యాహ్నం షామియానా కింద బిర్యానీ తింటూ ఆమే చెప్పింది. "మా ఆయనకు బాగుగావాలని సంఘమంత ప్రార్థన చేసిండ్రు. పొయిండు. అందరిది విన్న దేవుడు నాది వినలేదంటే నాలనే ఏదో పాపముందనుకున్న. గియ్యాలతోని చర్చి బంద్ అని ఒక ఆదివారమొచ్చి, ఏడ్సుకుంట కూసున్న. గా రోజే సారు లేచి మొదటిసారి గా మాట చెప్పిండు. గప్పటిసంది వస్తున్న. సారు మాట విని పోత."

"ఉన్న ముచ్చట చెప్పిన. గంతే" అన్నారు సారు విసుగ్గా.

"ఉన్న ముచ్చట అన్నేండ్లు కడుపుల పెట్టుకున్నవు" అంది మార్త. "రైల్వేల ఎవరికి చెప్పలే, నాకు చెప్పలే. ఆమె ఏడ్సుడు చూసి లేచినవు."

సారుకు పొలమారింది. నీళ్లు తాగి, మాట మార్చడానికన్నట్టు రమణబాబు వైపు వంగి గొంతు తగ్గించారు.

"పాస్టర్‌గారూ, ఒక మాట. ఎవరికి చెప్పకుండ్రి. ఇయ్యాల మీరు ప్రార్థన చేసేటప్పుడు కండ్లు మూసుకున్నగదా. నా పక్కకు ఎవరో జరిగొచ్చి కూసున్నట్టయింది. భుజానికి భుజం తాకింది. వెచ్చగ. నా జిందగీల గట్ల ఎప్పుడు గాలే."

ఆయన కళ్లు తడయ్యాయి. రమణబాబు తినడం ఆపాడు.

"గది నేనే" అంది మార్త, ఆయన పళ్లెంలో పెరుగుచట్నీ వడ్డిస్తూ. "కాంతమణికి జాగ ఇయ్యాలని నీ దిక్కు జరిగిన."

సారు నోరు తెరిచి ఆమె వైపు చూశారు. కాంతమణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. రమణబాబు నవ్వాలో వద్దో తెలియక, ఏడాదిలో మొదటిసారి, పగలబడి నవ్వేశాడు.

సారు మాత్రం నవ్వలేదు. భుజం తడుముకున్నారు.

"నువ్వా?"

"నేనే."

"సరే తియ్యి. నువ్వైతే ఏంది?" అన్నారు చివరికి. "వచ్చే ఆదివారం సుత గట్లనే జరిగి కూసో."

మార్త ఆయన పళ్లెంలో ఇంకో ముక్క వేసింది. రమణబాబు కళ్లు తుడుచుకుని, తన కుర్చీని కూడా కాస్త వాళ్ల దగ్గరికి జరుపుకున్నాడు.