ఒకటికి పన్నెండు వాలు

ఎనభై తొమ్మిదో, తొంభయ్యో. సంవత్సరం గట్టిగా చెప్పలేను గానీ, బిలాస్‌పూర్ నుంచి గతౌరా వైపు చెక్క స్లీపర్లు తీసేసి కాంక్రీటువి వేయిస్తున్న రోజులవి. నేనప్పుడు పీడబ్ల్యుఐని, అంటే పర్మనెంట్ వే ఇన్‌స్పెక్టర్ని. పేరు పెద్దదే గానీ పనంతా పట్టాల కిందే. పట్టా, దాని కింద స్లీపరు, దాని కింద బెలాస్టు అనే కంకర, ఆ కంకర కింద మట్టి. ప్రయాణికులు కిటికీలోంచి బయటికి చూస్తారు, మేము బండి కిందికి చూస్తాం. చూసి చూసి, ఇప్పటికీ పెళ్ళికి వెళ్తే పందిట్లో నేల సమంగా ఉందా లేదా అని చూసే జబ్బు నన్ను వదల్లేదు. మా ఆవిడ దీని గురించి చాలాసార్లు తలకొట్టుకుంది.

రైలు పనికని తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, ఇక్కడి రైల్వే క్వార్టర్లలోనే పుట్టి పెరిగిన కుటుంబాలు మావి. నా చేతి కింద ఉన్న ఒక గ్యాంగులో సగం మంది తెలుగువాళ్ళే. గ్యాంగు పెద్దని మేట్ అంటారు. ఆ మేట్ పేరు సింహాచలం. అతని మేనల్లుడు రమణ కూడా అదే గ్యాంగులో గ్యాంగ్‌మన్. ఇరవై మూడేళ్ళవాడు, ఎడమచేతివాటం.

ఈ రమణ బేస్‌బాల్ ఆడేవాడు. కాలనీలో క్రికెట్ తప్ప ఇంకో ఆట ఉందని నమ్మని రోజుల్లో, స్కూల్లో డ్రిల్లు మాస్టారు నేర్పిన ఆటని వదలకుండా పట్టుకున్నాడు. ఇందులోనూ ఒకడు విసురుతాడు, ఒకడు కొడతాడు. కాకపోతే బంతి నేలని తాకకుండా నేరుగా వెళ్ళాలి. విసిరేవాణ్ణి పిచ్చర్ అంటారు, రమణ పిచ్చర్. ఆసియా దేశాల జట్లన్నీ తలపడే పోటీకి ఇండియా జట్టుని ఎంచుతున్నారని, రమణకి శిక్షణ శిబిరం నుంచి పిలుపొచ్చిందని తెలిసి గ్యాంగంతా స్టేషన్‌కి వెళ్ళి బండెక్కించి వచ్చాం. రెండు వారాలు తిరక్కుండానే మొహం వేలాడేసుకుని తిరిగొచ్చాడు.

"ఏటిరా, అప్పుడే వొచ్చీసినావు?" అన్నాడు సింహాచలం.

"పంపీసినారు మావా."

"చెయ్యి గానీ నొప్పెట్టిందేటి?"

"చెయ్యి బాగానే ఉంది. ఆ దిబ్బే నన్ను తినీసింది."

దిబ్బ ఏమిటని నేను అడిగాను. అప్పుడు తెలిసింది అసలు సంగతి. పెద్ద పోటీల్లో పిచ్చర్ చదును నేల మీద నిలబడడట. అతని కోసం మైదానం మధ్యలో మట్టితో చిన్న దిబ్బ పోస్తారు. దాని నడినెత్తిన నిలబడి, ముందుకి వాలిన పల్లంలోకి ఒక పెద్ద అడుగు వేస్తూ విసరాలి. రమణ పుట్టి బుద్ధెరిగాక దిబ్బనేది చూళ్ళేదు. చదును నేలకి అలవాటుపడ్డ కాలు, ఉందనుకున్న చోట నేల లేకపోయేసరికి తడబడింది. చీకట్లో మెట్లు దిగుతూ ఆఖరి మెట్టు అయిపోయిందనుకుంటాం చూడండి, అలాగ. ఒక బంతి మనిషి తల మీద నుంచి పోతే ఇంకోటి నేలలో దిగబడిందట.

"మూడు వారాల్లో ఆఖరి సెలక్షన్ బాబూ. అప్పటికి నిలకడొత్తే రమ్మన్నారు. నేకపోతే మరి పిలవరు," అన్నాడు. "ఏటి ఆటరా నీది అని అడిగిన పెతీవోడికీ పదేళ్ళుగా ఇవరం సెప్పుకుంటా తిరిగినాను. ఒక్కపాలి ఇండియా అని రాసున్న సొక్కా ఏసుకుంటే, మరెవుడికీ సెప్పక్కర్నేదు."

నిజం చెప్పాలంటే నాకు ఆ క్షణాన జాలి కన్నా కుతూహలం ఎక్కువ కలిగింది. మైదానంలో దిబ్బ పోయడమేమిటి! సమంగా ఉన్నదాన్ని సమంగా ఉంచడానికే కదా మేము ఎండనకా వాననకా చచ్చేది.

"ఎంతెత్తుంటుందిరా?"

"పది అంగుళాలు బాబూ. ముందుకి అడుగుకి అంగుళం సొప్పున దిగాల. కోచ్ సారు సెప్పినారు."

అడుగుకి అంగుళం అంటే ఒకటికి పన్నెండు. రైల్వేలో వాలుని గ్రేడియంట్ అంటాం, ఇలాగే కొలుస్తాం. ఒకటికి నూరు అంటేనే గూడ్సు ఇంజన్లు రొప్పుతాయి. ఒకటికి పన్నెండు వాలు కట్టమని నా సర్వీసులో ఎవరూ అడగలేదు, అడిగితే పిచ్చాసుపత్రికి పంపేవాణ్ణి. అలాంటిది, నా చేత్తో కట్టి చూడాలన్న ఆశ ఆ పూటే పుట్టింది.

విసరడానికి తగ్గ చోటు, వెనక గట్టి గోడ ఉన్నది కాలనీ క్లబ్బు మైదానం ఒక్కటే. దాని సెక్రటరీ ఒక హిందీ పెద్దమనిషి, క్రికెట్ పిచ్చి. మా మాట విని కుర్చీలోంచి లేచిపోయాడు. "క్రికెట్ పిచ్ కే బగల్ మే టీలా? దిమాగ్ ఖరాబ్ హై క్యా, ఇన్‌స్పెక్టర్ సాబ్?" అన్నాడు, పిచ్ పక్కన దిబ్బేమిటి, మతి పోయిందా అని. బతిమాలగా బతిమాలగా ఒక్క మెట్టు దిగాడు. పొద్దున్నే పిల్లలు క్రికెట్‌కి వచ్చేలోపు ఆడుకోవచ్చు, కానీ గడ్డపార వేయకూడదు, తట్ట మట్టి పోయకూడదు, వెళ్ళేటప్పుడు అక్కడ ఏమీ మిగలకూడదు. మట్టి లేకుండా దిబ్బ కట్టమన్నట్టు! మా రమణ మొహం మళ్ళీ మాడిపోయింది.

నాకు మాత్రం పంతం వచ్చింది. మర్నాడు లైన్ మీద నడుస్తుంటే, పీకి పక్కన పేర్చిన పాత చెక్క స్లీపర్లు కనబడ్డాయి. ఒక్కోటి తొమ్మిదడుగుల పొడవు. నాలుగు పక్కపక్కన పేర్చి బోల్టులు బిగిస్తే పెద్ద బల్ల అవుతుంది. వెనక కొస కింద ఎత్తు పెట్టి, ముందు కొసని బాడిసతో చెక్కి పలచన చేస్తే వాలు వస్తుంది. మోసుకెళ్ళొచ్చు, మోసుకురావొచ్చు! మా ఇంజనీరు గారిని అడిగితే నవ్వి, ఆట అయ్యాక స్లీపర్లు మళ్ళీ వరసలో ఉండాలని మాత్రం అన్నారు. పిచ్చర్ కాలు ఆనించే చోట తెల్ల రబ్బరు పలక ఉంటుందట. పట్టాకీ కాంక్రీటు స్లీపరుకీ మధ్య పెట్టే రబ్బరు ప్యాడ్ పాతదొకటి తెచ్చి, సున్నం పూసి అక్కడ మేకులు కొట్టాం.

మొదటి రోజు ఎనిమిది మంది భుజాలకెత్తుకుని కాలనీ వీధిలో నడుస్తుంటే సింహాచలం పాట అందుకున్నాడు. గ్యాంగువాళ్ళు పట్టా ఎత్తేటప్పుడు అడుగు కలవడానికి పాడతారు, అప్పటికప్పుడు కట్టుకున్న మాటలతోనే.

"దిబ్బొత్తంది దారీయండోయ్!"

"ఐలెస్సా!"

"రమణా కాలికి కుదరాలోయ్!"

"ఐలెస్సా!"

ముగ్గేస్తున్న ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. "ఇదేటి, అమ్మోరి పల్లకీయా?" అని ఒకావిడ చెంపలేసుకుంది కూడా. మా వాళ్ళు నవ్వాపుకోలేక బల్ల జారవిడిచేటంత పనిచేశారు.

మైదానంలో దించి కొలిచాను. ఒకటికి పన్నెండు, వెంట్రుకవాసి తేడా లేదు. గోడ మీద సున్నంతో మనిషి మోకాలి నుంచి ఛాతీ దాకా, బంతి తగలాల్సిన మేర ఒక పెట్టె గీశాం. ఎదురుగా రమణ నిలబడి విసిరాడు. బంతి పెట్టెకి ఆమడ దూరంలో తగిలింది. రెండోదీ అంతే, పదోదీ అంతే. నాలుగు రోజులు ఇదే తంతు. ఐదో రోజు రమణ బంతి కింద పారేసి, "వొద్దు బాబూ. మీకీ సాకిరీ ఎందుకు? నా కాలికి రాత నేదు," అని కూర్చుండిపోయాడు.

"లే!" అని కసిరాను. "వాలు సరిగ్గా ఉంది, చెయ్యి సరిగ్గా ఉంది. మరి తేడా ఎక్కడుందో తెలియకుండా నాకు అన్నం సహించదు. ఇంకొక్కసారి విసురు."

పట్టాలో ఎక్కడో లోపం ఉందని డ్రైవర్లు చెబితే మేము పట్టాని చూస్తూ కూర్చోం. బండి వచ్చేదాకా ఆగి, అది వెళ్ళేటప్పుడు పక్కన గొంతుక్కూర్చుని స్లీపర్ని చూస్తాం. బరువు పడ్డప్పుడే లోపం బయటపడుతుంది. ఆ రోజు మైదానంలో అలాగే గొంతుక్కూర్చుని, చెంప నేలకి ఆనించినంత పని చేసి, బంతిని వదిలేసి బల్లనే చూశాను. రమణ కుడికాలు ముందుకొచ్చి దబ్బున పడింది. సరిగ్గా అప్పుడు బల్ల ముందు మూల అణగి పైకి లేచింది. కంటికి ఆనీ ఆననంత.

"డొల్ల!" అని అరిచాను. "ఒరే, కింద డొల్ల ఉందిరా!"

స్లీపరు కింద కంకర సరిగ్గా కూరకపోతే సందు మిగులుతుంది. దాన్నే డొల్ల అంటాం. పైకి పట్టా చక్కగానే కనబడుతుంది, బండెక్కితే ఊగుతుంది. రమణ పరిగెత్తుకొచ్చి నా పక్కన బోర్లా పడుకుని చూశాడు. రోజంతా అతను చేసే పని ఆ డొల్లలు పూడ్చడమే.

"అమ్మనీ! కంకర నానే కూరతాను, డొల్ల మీద నానే గెంతుతన్నానా!" అని పడీపడీ నవ్వాడు. శిబిరం నుంచి వచ్చాక అతను నవ్వడం అదే మొదలు.

అక్కణ్ణుంచి రోజూ పొద్దున్నే అదే పని. బల్ల దించడం, గోనెపట్టా పరిచి తెచ్చిన సన్న కంకర సందుల్లో కూరి బీటర్లతో కొట్టి బిగించడం. బీటరంటే ప్యాకింగుకి వాడే ఇనప పార లాంటిది. రమణ మడమతో ఒకసారి బల్లని తన్ని, చప్పుడు విని, సరే అంటేనే మేము పక్కకి తప్పుకునేవాళ్ళం. ఆట అయ్యాక గోనెతో సహా కంకర ఏరుకుని వెళ్ళిపోయేవాళ్ళం. బంతులు మెల్లమెల్లగా గోడ మీది పెట్టె అంచుకి వచ్చాయి, తర్వాత లోపలికి వచ్చాయి. ఒక రోజు సెక్రటరీ గారే క్రికెట్ బ్యాటు పట్టుకుని పెట్టె ముందు నిలబడ్డారు. మూడు బంతులు గోడకి తగిలిన చప్పుడు విన్నారే తప్ప బ్యాటుకి ఒక్కటీ తగల్లేదు. "అచ్ఛా, అచ్ఛా," అంటూ వెళ్ళిపోయారు, మరి గడ్డపార ఊసెత్తలేదు.

రమణ వెళ్ళే రోజున సింహాచలం ప్లాట్‌ఫారం మీద అతని భుజం పట్టుకుని, "ఒరే, మనం సెక్క పెట్టినాం. పై దేశంలో ఆళ్ళు దిబ్బ కింద ఏటేత్తారో కనుక్కుని రా," అన్నాడు. సెలక్షన్ అవుతుందా అని అడగలేదు. పై దేశం వెళ్తాడని ముందే తేల్చేసుకున్నాడు.

వెళ్ళాడండీ! ఇండియా అని రాసున్న చొక్కా వేసుకునే వెళ్ళాడు.

తిరిగొచ్చాక బండి దిగి సరాసరి మేము పని చేస్తున్న చోటికే, గతౌరా దగ్గరికి వచ్చాడు. అందరం పనాపి చుట్టూ మూగాం.

"ఓడిపోనాం బాబూ. సిత్తుసిత్తుగా. ఆళ్ళు మన్లాగ ఆడరు, అదేదో పుట్టుకతో వొచ్చినట్టు ఆడతారు."

"నీకు విసరడానికి ఇచ్చారా?"

"ఒక్క ఆటలో, ఆకర్న. దిబ్బెక్కి మడమతో తన్ని సెవొగ్గినాను. అంపైరు ఏటి సేత్తన్నావని గదమాయించినాడు." నవ్వాడు. "గట్టిగానే ఉంది బాబూ, డొల్ల నేదు. కొట్టడానికి ముగ్గురొచ్చినారు. ఇద్దరు బాదీసినారు. మూడోవోడు మూడుపాల్లూ గాలికే ఊపి, అవుటై ఎల్లిపోనాడు."

ఆ మూడోవాడి దగ్గర నాకు కళ్ళు చెమర్చాయి. సిగ్గుపడకుండా తుడుచుకున్నాను.

రమణ జేబులోంచి రుమాలు తీసి విప్పాడు. అందులో గుప్పెడు మట్టి, ఎర్రగా, ఎండి గడ్డకట్టి. "నువ్వడిగినావు గదా మావా. ఇదే ఏత్తారు. తడిపి తడిపి దిమ్మిసా కొడతారు." గ్యాంగంతా చేతులు మార్చుకుంటూ వాసన చూశారు, నలిపారు. ఒకడు నాలిక్కి కూడా రాసుకున్నాడు. "మట్టే," అన్నాడు సింహాచలం తృప్తిగా. "ఆళ్ళదీ మట్టే!"

ఆ తర్వాత నా సర్వీసులో ఎవరి మీద ఫిర్యాదొచ్చినా, పని చేతకాదని ఎవరిని ఎవరన్నా, ముందు వెళ్ళి అతను పని చేస్తుండగా పక్కన కూర్చుని చూసేవాణ్ణి. అతని కాళ్ళ కింద ఏముందో తెలియకుండా అతని మీద కాగితం కదపలేదు. ఇది ఏ ట్రైనింగులోనూ నాకు చెప్పలేదు, ఆ బల్ల దగ్గర నేర్చుకున్నాను.

ఇంకొక్క మాట. కంకరలో మట్టి చేరితే నీరు నిలుస్తుంది, నీరు నిలిస్తే లైను చెడుతుంది. కంకరలో చిటికెడు మట్టి కనబడితే గ్యాంగుని చెడామడా తిట్టే మనిషిని నేను. ఆ రోజు సింహాచలం రుమాలు మడిచి, మట్టితో సహా తీసుకెళ్ళి, అప్పుడే వేసిన కొత్త స్లీపరు కింద కంకరలో పెట్టాడు. రమణ బీటరందుకుని దాన్ని బిగించాడు. నేను గతౌరా సిగ్నల్ కేసి తిరిగి, వాళ్ళ పని అయ్యేదాకా అటే చూస్తూ నిలబడ్డాను.