నోరులేని మెకానిక్కు, నోరున్న అక్క

నాకు కోపం ఎక్కువని అందరూ అంటారు. ఎక్కువే. ఇరవై ఏళ్ళుగా బస్సు కండక్టరుని, నోరు లేకపోతే ఆ ఉద్యోగం ఒక్కపూట కూడా చెయ్యలేను. మా ఇంట్లో ఉన్న నోరంతా నాకే ఇచ్చేసి, తమ్ముణ్ణి ఉత్త చేతులతో పంపినట్టున్నాడు దేవుడు.

కానీ ఆ చేతులున్నాయే, అవి మామూలు చేతులు కావు. తమ్ముడు కుట్టుమిషన్ల మెకానిక్కు. రెండు వందల మిషన్లున్న బట్టల ఫ్యాక్టరీలో పందొమ్మిదేళ్ళు పనిచేశాడు. వరసలో ఏ మిషను కుట్టు వదిలేయబోతోందో చప్పుడు విని చెప్పేసేవాడు. కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని, సూది పక్కన చెవి పెట్టి, ఒక్క స్క్రూ అరచుట్టు తిప్పితే చాలు, మిషను దారికొచ్చేది. మొన్న వేసవిలో ఆ ఫ్యాక్టరీ మూతపడింది.

అప్పుడు మొదలైంది నా కడుపుమంట. ముందుగా మా ఆయన. "నాకు బాగా తెలిసినాయన ఒకడున్నాడు బావమరిదీ, నేను చెప్పేదాకా ఎక్కడికీ పోకు" అన్నాడు. వీడు నిజంగానే ఎక్కడికీ పోలేదు. రెండు నెలలు ఫోను ముందు పెట్టుకుని కూర్చున్నాడు. తీరా చూస్తే ఆ తెలిసినాయన మా ఆయన ఫోనే ఎత్తడం లేదట. ఆ సంగతి చెప్పడానికి మొహం చెల్లక దాచిపెట్టాడు మహానుభావుడు!

తర్వాత జిరాక్సు షాపువాడు. బయోడేటా కొట్టివ్వమంటే, అంతకుముందు ఎవరికో కొట్టినదాంట్లో పేరు మార్చి ఇచ్చాడు. వీడు చదవకుండానే సంతకం పెట్టాడు. ఇంటర్వ్యూలో "కంప్యూటరు మీద లెక్కలు రాయడం వచ్చని ఉందే?" అంటే "రాదండీ" అన్నాడట. "మరెందుకు రాశారు?" అంటే "నేను రాయలేదండీ" అన్నాడట. నిజమే చెప్పాడు నా బంగారుకొండ! వాళ్ళు ఆ కాగితం చేతికిచ్చి పంపించేశారు.

ఇంకోచోట "మీకేం పని వచ్చు?" అని అడిగితే, "ఏదో, కొద్దిగా చూస్తుంటానండీ" అన్నాడు. తప్పు వాడొక్కడిదీ కాదు. మా నాన్న కూడా మెకానిక్కే. చిన్నప్పుడు తమ్ముడు "నేనే బాగుచేశాను" అని గొప్పగా చెబితే, నాన్న నెత్తిమీద ఒక్కటిచ్చేవాడు. పని గురించి చెప్పుకోవడం ఆయన దృష్టిలో సిగ్గుమాలిన పని. ఆ దెబ్బలు వీడికి ఇంకా గుర్తే.

ఇలా ఉండగా తమ్ముడి మామగారు వాడికి ఏదో అపార్టుమెంటులో వాచ్‌మన్ పని మాట్లాడారు. ఒకటో తారీకున చేరిపోవాలి. వీడు తల దించుకుని సరేనన్నాడు. స్క్రూడ్రైవర్లన్నీ నూనె రాసి, గుడ్డలో చుట్టి, అటకెక్కించాడు. ఆ మూట చూసినరోజు నాకు ఏడుపొచ్చింది. ఆ చేతులు గేటు తియ్యడానికి, వెయ్యడానికేనా!

ఒకటో తారీకు ఇంకా మూడు రోజులుందనగా కొత్త ఫ్యాక్టరీలో ఒక్క మెకానిక్కు కావాలని తెలిసింది. సెలవు పెట్టి నేనూ బయలుదేరాను. దారి పొడుగునా వాడికి పాఠం చెప్పాను.

"పందొమ్మిదేళ్ళు, రెండు వందల మిషన్లు. ఏదీ, చెప్పు?"

"సరే అక్కా."

"సరే కాదురా, చెప్పు!"

"చెప్తాలే అక్కా."

నన్ను బయట వరండాలో కూర్చోబెట్టారు. తలుపు ఓరగా ఉంది. లోపల మేనేజరు మేడం అడుగుతోంది.

"పాత ఫ్యాక్టరీలో ఏం చేసేవారు?"

"ఏదో, మిషన్లు చూస్తుండేవాణ్ణండీ."

నాకు ఒళ్ళు మండిపోయింది.

"చూడ్డమంటే? బాగుచేసేవారా?"

"అందరం కలిసి చేసేవాళ్ళమండీ."

అందరమా! ఆ అందరూ వీడి వెనకాల చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళు. లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది. ఆవిడ మెల్లగా ఏదో అంది, నా చెవుల హోరులో వినపడలేదు. పంపించేస్తున్నారనుకున్నాను. తలుపు తోసుకుని వెళ్ళిపోయాను.

"అందరం కాదు మేడం, వీడొక్కడే! చప్పుడు విని రోగం చెప్తాడు. ఇలాంటివాణ్ణి వదులుకుంటే మీకే నష్టం!" ఇంకా ఏమేం అన్నానో నాకే గుర్తులేదు. నిండు బస్సులో అరిచినట్టే అరిచాను.

మేడం పెన్ను మూత పెట్టింది. "ఉద్యోగం మీకా అమ్మా, ఆయనకా? రేపు లైన్లో సూపర్‌వైజరు కేకలేస్తే, ఈయన తరఫున మాట్లాడ్డానికి మీరొస్తారా?" అని, బయట కూర్చున్న ఇంకొకతన్ని పిలిచింది.

మెట్లు దిగుతూ తమ్ముడి మీద విరుచుకుపడ్డాను. "నోట్లో ఏం పెట్టుకున్నావురా? నీ గురించి రెండు ముక్కలు చెప్పుకోలేవూ?"

వాడు ఆగిపోయాడు. వాడు గొంతు పెంచడం నేను అంతకుముందెప్పుడూ వినలేదు.

"కుర్చీ చప్పుడైనప్పుడు ఆవిడ ఏమందో తెలుసా అక్కా? 'మాటలెందుకు, కింద ఒక మిషను కుట్టు వదిలేస్తోంది, పదండి, చూద్దురుగాని' అంది. నేను లేచాను. అప్పుడే నువ్వొచ్చావు."

కింద హాలు కిటికీలోంచి కనపడుతోంది. ఇందాక పిలిచినతను అవతలి మెట్ల మీదుగా దిగి, అప్పటికే ఒక మిషను మీద వంగి ఉన్నాడు. పక్కన మేడం నిలబడింది. తమ్ముడు అటు చెవి పెట్టి ఒక్క క్షణం విన్నాడు.

"స్క్రూ అటు కాదు తిప్పాల్సింది" అన్నాడు.

మా ఆయన్ని తిట్టాను, షాపువాణ్ణి తిట్టాను, చచ్చి ఏ లోకాన ఉన్నాడో మా నాన్ననీ తిట్టాను. ఆ మెట్ల మీద నన్ను నేను తిట్టుకోవడానికి మాత్రం నాకు ఒక్క మాటా దొరకలేదు.

"ఒకటో తారీకుకి ఇంకా రెండు రోజులుంది. రేపు నేనొక్కణ్ణే నాలుగు ఫ్యాక్టరీలు తిరిగొస్తాను. నువ్వు డ్యూటీకి పో" అన్నాడు తమ్ముడు.

బస్సెక్కాం. కండక్టరు రాగానే అలవాటుగా నేను నోరు తెరిచాను. వాడు చెయ్యెత్తి నన్ను ఆపాడు.

"ఒకటివ్వండి. అక్కకి పాసుంది" అన్నాడు, బస్సంతా వినపడేలా.