ఇంట్లో మిగిలిన నడిపి బిడ్డ

మా బిడ్డ రాసిన నవల సినిమా అవుతోంది! నిన్న పొద్దున్నే ఫోన్ వచ్చింది. ఈ మాట అందరికంటే ముందు వినాల్సిన మనిషి, మా బిల్డింగ్ రెండో అంతస్తు టీచరమ్మ, పది రోజుల కిందటే కన్నుమూశారు. నవ్వాలో ఏడవాలో తెలియకపోవడమంటే ఏమిటో డెబ్బై ఏళ్లకు తెలిసింది నాకు. పెద్దగా చదువుకున్నవాణ్ణి కాను. తప్పులుంటే మన్నించండి, కానీ నేను చెప్పేది మాత్రం మొత్తం వినండి.

నాంపల్లి స్టేషన్ వెనక సందులో నాది బైండింగ్ షాపు. వకీళ్ల ఫైళ్లు కుట్టి బతికినవాణ్ణి. టీచరమ్మ ఆబిడ్స్‌లో ఆడపిల్లల బడిలో ఇంగ్లీషు చెప్పేవారు. ముగ్గురు అక్కచెల్లెళ్లలో నడిపామె, అంటే మధ్యామె. అక్కా చెల్లెలూ పెళ్లిళ్లై వెళ్లిపోయారు. మంచాన పడ్డ తల్లిని చూసుకుంటూ ఈమె పెళ్లి లేకుండా ఆగిపోయారు. తల్లి పోయేసరికి రమ్మని పిలిచేవాళ్లు లేరు, వెళ్లే ఓపికా లేదు.

ఆమె ప్రాణమంతా ఒక ఇంగ్లీషు నవల మీద. రెండు వందల ఏళ్ల నాటిదట. ఐదుగురు ఆడపిల్లలు, వాళ్లకు పెళ్లిళ్లు చేయాలని తహతహలాడే తల్లి, ఒక మాటకారి పిల్ల, ఒక పొగరుబోతు శ్రీమంతుడు. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం కొన్న ప్రతి. కాగితాలు ఊడిపోతే కుట్టమని నాకిచ్చారు. మా పనిలో ఒక నియమం ఉంది. కట్టలో వచ్చిన ఏ కాగితాన్నీ పక్కన పెట్టకూడదు. కోర్టు ఫైల్లో ఒక్క కాగితం పోతే కేసే పోతుంది. ఆ అలవాటుతోనే నవల మధ్యలో దోపి ఉన్న చేతిరాత కాగితాలను కూడా ఎక్కడివక్కడే పెట్టి కుట్టేశాను, బంక పూశాను, అంచులు కోశాను. తెలుగు రాతని చూసి కూడా అనుమానపడలేదు. టీచర్ల పుస్తకాల్లో నోట్సు ఉంటుంది కదా!

తెరిచి చూసి టీచరమ్మ నవ్వు ఆపుకోలేకపోయారు.

"ఇన్నేండ్ల సంది ఈ కథ లోపటికి దూరాలని చూస్తున్న తమ్మీ. నువ్వు కుట్టి పడేసినవ్!"

"విప్పుత టీచరమ్మా, జర టైమియ్యున్రి."

"విప్పకు. గాడనే ఉండనీ."

అవి ఆమె రాసుకున్నవి. అదే కథను నాంపల్లికి తెచ్చి, మాటకారి పిల్ల వైపు నుంచి కాకుండా, ఆ ఐదుగురిలో మూడోది, ఎవరూ పట్టించుకోని నడిపి బిడ్డ నోటితో చెప్పుకున్నారు. సగంలో ఆగిపోయింది. ఆ పుస్తకాన్ని అప్పుడు ఇంటర్ చదువుతున్న మా బిడ్డ చేతిలో పెట్టారు. ఇప్పుడు బషీర్‌బాగ్‌లో ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేస్తున్న నా బిడ్డ, టీచరమ్మ పూర్తి చేయమంటే, ఇన్నేళ్లకు దాన్ని నవలగా పూర్తి చేసింది. అచ్చయ్యాక సినిమావాళ్లు వచ్చారు. వాళ్ల షరతు ఒకటే: మాటకారి పిల్లే హీరోయిన్ కావాలి, నడిపి బిడ్డ నవ్వించడానికి రెండు సీన్లలో ఉంటే చాలు. మా బిడ్డ సంతకం పెట్టలేదు. వాళ్లు మళ్లీ ఫోన్ చేయలేదు.

ఆ రోజుల్లోనే టీచరమ్మ జారిపడ్డారు. తుంటి విరిగింది. లిఫ్టు లేని ఇల్లు. ఏడాదిన్నర ఆ గది దాటలేదు. కిటికీ తీస్తే ఎదురుగా గోడ. స్టేషన్ మైకు మాత్రం వినిపించేది. ఏ బండి ఎప్పుడు బయల్దేరుతుందో ఆమెకు కంఠతా వచ్చు. ఆ నవల మీద తీసిన సినిమాలు, సీరియళ్లు అన్నీ ట్యాబ్‌లో చూసేవారు. సాయంత్రం నేను చాయ్ తీసుకుని పైకి వెళ్తే నాకూ చూపించేవారు. భాష రాకపోయినా ఆ తల్లి అరుపులు నాకు బాగా అర్థమయ్యేవి.

"చూడు తమ్మీ. గుర్రాలు పోయి కార్లొచ్చినయ్, ఉత్తరాలు పోయి సెల్‌ఫోన్లొచ్చినయ్. గా నడిపిది మాత్రం ఏ సిన్మాల చూసినా మూలకే కూసుంటది." ఆ వెంటనే అడిగేవారు, "సిన్మావోళ్లు ఏమన్నరు?" రోజూ అదే ప్రశ్న.

ఆమె తిండి మానేశారు. ఇక రోజులేనని డాక్టర్ చెప్పిన సాయంత్రం నా నోరు ఆగలేదు.

"ఒప్పుకున్నరు టీచరమ్మా! నడిపి బిడ్డే హీరోయిన్!"

"ఔనా! ఎవలు చేస్తున్రు?"

"కొత్త పిల్లనట."

"పేరేంది?"

"పేరు ఇంకా పెట్టలేదట."

"మనిషికే పేరు పెట్టలేదా తమ్మీ?"

రోజుకో ప్రశ్న. ఇల్లు ఏడ చూసిన్రు, తల్లి వేషం ఎవలిది? ఒక అబద్ధం మీద ఇంకోటి అతికిస్తూ ఆ మెట్లెక్కాలంటే కాళ్లు రాలేదు. ఎక్కకుండా ఉండలేకపోయాను. సంగతి తెలిసి మా బిడ్డ మండిపడింది.

"ఏంది నాన్నా గిది? ఇప్పుడు నేను ఏ మొకం పెట్టుకొని పోవాలె?" సినిమావాళ్లు అప్పట్లో ఇచ్చిన ఒప్పందం కాగితం తీసి, "వాళ్ల షరతుకే సంతకం పెట్టేస్త. సినిమా అన్న మాటన్నా నిజమైతది" అంది.

వద్దని అనలేకపోయాను. సంతకం పెడితే టీచరమ్మ కథ పోతుంది, పెట్టకపోతే ఆమెకు మిగిలేది నా అబద్ధం. తండ్రీబిడ్డలం ఇద్దరం ఇరుక్కుపోయాం. ఆ ఒప్పందం కాగితం పట్టుకునే బిడ్డ పైకి వెళ్లింది. కిందికి వచ్చి దాన్ని చింపేసింది. ఏం మాట్లాడుకున్నారో చెప్పలేదు. మూడో రోజు టీచరమ్మ వెళ్లిపోయారు. సమాధుల తోటలో పాస్టరుగారి వెంట అందరూ కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే, ఆమెను మోసం చేసి పంపానే అని నేను తలెత్తలేదు.

నిన్నటి ఫోన్‌లో సినిమావాళ్లు చెప్పారు, దర్శకత్వం కొత్తగా ఒకామెకు ఇచ్చారట. ఆమె నవల చదివి, నడిపి బిడ్డ కథైతేనే తీస్తానందట! అప్పుడు నా బిడ్డ నోరు విప్పింది. ఆ రోజు టీచరమ్మ అన్న మాటలివి:

"మీ నాయనకు అబద్ధమాడుడు రాదు బిడ్డా. పేరడిగితే చెవి గోక్కుంటడు. మొదటిరోజే ఎరుకైంది. ఎరుకైందని అంటే సిగ్గుపడి పైకి వచ్చుడు బంద్ చేస్తడని ఊకున్న. నా కోసమని సంతకం పెట్టి, ఆ పిల్లను మళ్ల మూలకు కూసోబెట్టకు."

ఇక ఇవాళ అందరికీ చెప్పాలి. వరంగల్‌లో మా అక్కకు. బేగం బజార్‌లో మా బావమరిదికి, వాడికి చెబితే బజారంతా తెలిసినట్టే. కరీంనగర్‌లో చిన్నాన్న కొడుకులకు. మా బిడ్డ మేనత్త కూతుళ్లకు. మెదక్‌లో టీచరమ్మ అక్కకు, సికింద్రాబాద్‌లో చెల్లెలికి. ఆ ఇద్దరికీ ఫోన్‌లో కాదు, నేనే వెళ్తాను. కూర్చోమనేదాకా కూడా ఆగను, గుమ్మంలో నిలబడే చెప్పేస్తాను: "మీ నడిపామె కథ సినిమా అయితుందమ్మా!"